స్నూపింగ్ ఆన్‌లోనే ఉంది, క్వెరియర్ లేదు

అన్నా, హన్మకొండలో మీ రెండు బిల్డింగుల మధ్య అప్‌లింక్ (రెండు వైపుల స్విచ్‌లను కలిపే లైను) కెమెరాల మల్టీకాస్ట్‌తో (ఒకే స్ట్రీము ఒకేసారి చాలామందికి వెళ్ళే పద్ధతి) నిండిపోతోందని, ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే స్ట్రీము పంపే స్విచ్ సెట్టింగ్) ఆన్ చేసినా నాలుగైదు నిమిషాల్లో మళ్ళీ మొదటికే వస్తోందని రాశారు. ఆ నాలుగైదు నిమిషాల్లోనే ఉంది అసలు సంగతి. ఏ స్ట్రీము ఎవరికి కావాలో పదేపదే అడిగే క్వెరియర్ లేకపోతే, స్విచ్ రాసుకున్న గ్రూపు ఎంట్రీలు (ఏ పోర్టుకు ఏ స్ట్రీము కావాలన్న లెక్క) మామూలుగా 260 సెకన్లకు చెరిగిపోతాయి. తర్వాత కొన్ని స్విచ్‌లు స్ట్రీములను అన్ని పోర్టులకూ పంపేస్తాయి, మీవీ ఆ బాపతే అనుకుంటా.

క్వెరియర్ పని చేసే మల్టీకాస్ట్ రౌటర్ లేదన్నారు కాబట్టి స్విచ్‌లోనే క్వెరియర్ ఆన్ చేయండి. కానీ కెమెరాలు ఎక్కువున్న వైపు స్విచ్‌లోనే! ఎవరూ అడగకపోయినా స్ట్రీములన్నీ క్వెరియర్ వైపు వెళ్తూనే ఉంటాయి. అవతలి వైపు పెట్టి నేనూ ఒక రాత్రంతా తల పట్టుకున్నాను.

కెమెరాలకు 239.0.0తో మొదలయ్యే అడ్రస్‌లు ఉంటే మార్చేయండి. వాటి మ్యాక్‌లూ (స్విచ్ చూసే హార్డ్‌వేర్ అడ్రస్‌లు), నెట్‌వర్క్ సొంత పనులకు కేటాయించిన 224.0.0 వాటి మ్యాక్‌లూ ఒకటే, అందుకే స్నూపింగ్ ఉన్నా చాలా స్విచ్‌లు వాటిని ఆపవు. 239.10.10 నుంచి ఇచ్చుకోండి.