తొమ్మిదో తరగతి అమ్మాయికి యుద్ధకాలపు గూఢచారి నవలలు ఇవ్వొచ్చా?

మీ అమ్మాయికి పద్నాలుగేళ్ళు, రెండో ప్రపంచ యుద్ధంలో గూఢచారులు, నాజీలను ఎదిరించినవాళ్ళ మీద వచ్చిన నవలలు తప్ప ఇంకేం ముట్టుకోవట్లేదు, వాటిలో చిత్రహింసలు, మరణశిక్షలు ఉంటున్నాయి, ఆపాలా అని అడిగారు.

ఆపకండి. పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆదివారాలు పుస్తకాలు చదివిస్తుంటాను. ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్ళు. పోటీపడి తీసుకెళ్ళేవి ఈ నవలలే. నేను చూసినంతలో పిల్లలు విషాదాన్ని బాగానే తట్టుకుంటారు. నాకు పేచీ అంతా హీరోయిన్ మూడు పేజీలకోసారి తుపాకీ పేల్చి, గోడ దూకి, ఒంటి మీద గీత కూడా పడకుండా బయటపడే నవలలతోనే. మంచి నవలలో టెన్షన్ చేసే పనిలోంచే వస్తుంది: ఉత్తరం ఎక్కడ దాచాలి, ఎవరిని నమ్మాలి, తలుపు కొట్టింది ఎవరు.

ఆ పని ఎలాంటిదో తెలియాలని ఒకసారి పిల్లలతో కోడ్ రాయించాను. 1940లో బ్రిటన్ ఎస్‌ఓఈ అనే రహస్య సంస్థ పెట్టింది, శత్రువు చేతిలో ఉన్న దేశాల్లోకి మనుషుల్ని పంపడానికి. వాళ్ళకి మొదట్లో ఇచ్చిన కోడ్ ఒక పద్యం. పద్యం కంఠతా పట్టాలి, అందులోంచి ఐదు మాటలు ఎంచుకోవాలి, వాటి అక్షరాలకి వర్ణమాల వరుసలో నంబర్లు వేసి, ఆ నంబర్ల ప్రకారం సందేశాన్ని నిలువు వరసల్లో తారుమారు చేయాలి. మా పిల్లలు శతక పద్యం ఒకటి తీసుకున్నారు. ఒత్తు ఉన్న అక్షరాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా రెండుగానా అని అరగంట కొట్టుకుని, చివరికి ఒకటే అని తీర్మానించుకున్నారు. ఒక్కచోట లెక్క తప్పేసరికి అవతలి జట్టుకి అంతా గజిబిజిగా వచ్చింది. అప్పుడు ఒకమ్మాయి, "ఈ పద్యం అందరికీ వచ్చు కదా ఆంటీ, శత్రువుకి కూడా వచ్చేస్తే?" అంది.

సరిగ్గా అదే జరిగేది. పేరున్న పద్యమైతే ఊహించేయొచ్చు, దొరికిన మనిషిని కొట్టి కూడా రాబట్టొచ్చు. అందుకే అక్కడ కోడ్‌ల పని చూసిన లియో మార్క్స్ అనే కుర్రాడు ఎక్కడా అచ్చుకాని కొత్త పద్యాలు రాయించాడు, తనూ రాశాడు, తర్వాత పట్టుగుడ్డ మీద అచ్చువేసిన కోడ్ తాళాలు తెచ్చాడు. కాగితం తడిమితే చప్పుడవుతుంది, పట్టు అవదు, కోటు లైనింగులో కుట్టేసుకోవచ్చు, వాడిన ముక్కను కత్తిరించి కాల్చేయొచ్చు. ఇలాంటి వివరం పట్టించుకున్న నవలని నేను నమ్ముతాను.

మీ అమ్మాయికి నూర్ ఇనాయత్ ఖాన్ గురించి తప్పకుండా చెప్పండి. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడా సంగీతకారుడు, ఆయనకి సూఫీ గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే. నూర్ 1914లో మాస్కోలో పుట్టి పారిస్‌లో పెరిగింది, జాతక కథలు పిల్లల కోసం ఇంగ్లిష్‌లో రాసి 1939లో పుస్తకం తెచ్చింది. అంత మెత్తటి మనిషి ఎస్‌ఓఈ తరఫున 1943 జూన్‌లో చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దిగి వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసింది. దాదాపు పదిహేను కిలోల సెట్టు సూట్‌కేసులో మోసుకుంటూ ఇల్లు మారుతూ ఉండాలి, ఎక్కువసేపు ఒకేచోటి నుంచి పంపితే జర్మన్ల వ్యాన్లు పసిగట్టేస్తాయి. చుట్టూ ఉన్న బృందం మొత్తం అరెస్టవుతుంటే లండన్ వెనక్కి రమ్మన్నా రానంది. అక్టోబర్‌లో పట్టుబడింది, రెండుసార్లు పారిపోవడానికి ప్రయత్నించింది, నెలల తరబడి సంకెళ్ళలో ఉంది, 1944 సెప్టెంబర్ 13న జర్మనీలోని డాఖావ్ నాజీ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. ముప్పయ్యేళ్ళు. ఈ కథ చెప్పినప్పుడు మా పిల్లలు ఆమె చావు గురించి కంటే లండన్ గురించే ఎక్కువ అడిగారు, ఎందుకంటే ఆమె పట్టుబడ్డాక జర్మన్లు ఆమె సెట్టు మీదే సందేశాలు పంపుతుంటే అక్కడివాళ్ళు చాలాకాలం నమ్మారు. సొంతవాళ్ళ నిర్లక్ష్యం కూడా ప్రాణం తీస్తుందని పద్నాలుగేళ్ళ పిల్లలకి అర్థమవుతుంది, అర్థం కావాలి కూడా.

తుపాకీ ముట్టని ధైర్యం కావాలంటే హెల్మూట్ హ్యూబెనర్ ఉన్నాడు. హాంబర్గ్ కుర్రాడు, దొంగచాటుగా బీబీసీ విని ఆ వార్తలు కరపత్రాలుగా టైపు చేసి పంచాడు. 1942 అక్టోబర్ 27న తల తీసేశారు, అప్పటికి పదిహేడేళ్ళు. మీ అమ్మాయి కంటే ఎంత పెద్దవాడు చెప్పండి.

చిత్రహింసల అధ్యాయాల సంగతి. వాటిని దాచకండి, కాకపోతే రాత్రి పడుకునే ముందు ఒంటరిగా చదవనివ్వకండి. ముందు మీరు చదివి, పగటిపూట పక్కన కూర్చోండి, ఏమీ అడక్కుండా ఉన్నా ఫర్వాలేదు. మా గ్రూపులో ఒకబ్బాయి అలాంటి చోట పుస్తకం మూసేసి మళ్ళీ కొన్నాళ్ళకి తనే అడిగి తీసుకెళ్ళాడు. చదవలేనప్పుడు ఆపేసే హక్కు వాళ్ళకి ఉండాలి. పదకొండేళ్ళ పిల్లలకైతే నేను ఇవ్వను.

ఇంకో మాట, ఇదంతా ఎక్కడో యూరప్ కథలా మిగలనివ్వకండి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో కొరియర్లు, డెన్లు, మారుపేర్లు అన్నీ ఉన్నాయి. మల్లు స్వరాజ్యం గారు రాజక్క అనే పేరుతో అజ్ఞాతంలో తిరిగినప్పుడు ఇంకా ఇరవై కూడా నిండలేదు. నల్గొండ, వరంగల్ వైపు మీకు పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అమ్మాయిని కూర్చోబెట్టి అడిగించండి. మా పిల్లల్లో ఒకరి తాతమ్మ చిన్నప్పుడు సద్దిమూటలో చీటీలు మోసిందట, ఆ ఇంట్లో మనవలెవరికీ అప్పటిదాకా తెలియదు.

కొనడానికి అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతకండి, ఇంగ్లిష్ టీనేజ్ నవలలు బాగా దొరుకుతాయి. అట్ట మీద బొమ్మ చూసి కొనకుండా చివరి పేజీలు తిప్పండి. ఏది నిజంగా జరిగింది, ఏది తను కల్పించింది అని రచయిత విడమరిచి చెప్పిన నోట్ ఉంటే తీసుకోండి. లేకపోతే అక్కడే పెట్టేసి పక్క కుప్పలో చూడండి.