తలంబ్రాలు తెల్లబడ్డ ఆల్బమ్

అమ్మలూ,

ఉద్యోగం మానేసి కూకట్‌పల్లి ఫ్లాట్‌లోనే పెళ్ళి ఆల్బమ్‌ల డిజైనింగ్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నేనేమో పగలంతా చిక్కడపల్లిలో కనపడ్డవాళ్ళకల్లా మా మేనకోడలని చెప్పుకుంటున్నాను, రాత్రయితే నిద్రపట్టక దొర్లుతున్నాను. మానిటర్‌కి కాలిబ్రేషన్, అదే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడేలా తెరను సరిచేయడం, చేశావట, రిపోర్ట్ బ్రహ్మాండంగా వచ్చిందట. నా టెన్షన్ అదే.

తెర మీద రంగుల్ని కొలిచే మీటర్ పెట్టేముందు మానిటర్ అరగంట వెలగాలి. తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపెయ్. తెలుపు 6500 కెల్విన్, గామా, అంటే నలుపు నుంచి తెలుపుకి వెలుగు పెరిగే తీరు, 2.2, వెలుగు 120 నిట్స్ దాటొద్దు. డెల్టా ఈ, అంటే ఉండాల్సిన రంగుకీ తెర చూపే రంగుకీ తేడా, సగటున 2 లోపు ఉంటే చాలు. ఇవి నీకు తెలిసినవే. కానీ తెరను సరిచేసిన మీటరే ఆ రిపోర్ట్ కూడా ఇచ్చింది కదే! పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు. మీటరే తప్పు చదివితే ఎవరు పట్టుకుంటారు?

2008లో నేనూ ఇలాగే మురిశాను. కాలిబ్రేషన్ చేసిన వారానికి, కళ్ళు మండుతున్నాయని షాపు కుర్రాడు మానిటర్ మెనూలో ‘వార్మ్’ నొక్కాడు. కాలిబ్రేషన్‌లో తయారైన ప్రొఫైల్, అదే రంగుల్ని దిద్దే ఫైల్, పాత సెట్టింగ్‌కి చేసింది. వాడు చెప్పలేదు, నేను చూడలేదు. ఫొటోలన్నీ పసుపు కొడుతుంటే కెమెరా తప్పనుకుని ఆల్బమ్ మొత్తం పసుపు లాగేశాను. పెళ్ళివారింట్లో నాయనమ్మగారు తలంబ్రాల పేజీ దగ్గర ఆగి, ఆ గింజల్ని వేలితో రుద్ది చూసింది. “వీటికి పసుపు కలపలేదా నాయనా?” అంది. పెళ్ళికూతురి నెత్తిన తెల్లబియ్యం! నాకు నోట మాట రాలేదు. తిన్నగా ఆల్బమ్ ప్రింట్ చేసిన ల్యాబ్‌కి పోయి కేకలేశాను. ల్యాబ్ అతను ఒక్క మాట అనకుండా నా ఫైల్ తన తెర మీద తెరిచాడు. అక్కడా తెల్లగానే ఉన్నాయి. నా డబ్బుతో మళ్ళీ ప్రింట్ వేయించి ఇచ్చాను. వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళికి నన్ను పిలవలేదు.

అన్నట్టు, మానిటర్ వెనక ఆ నారింజ గోడేమిటే? తెర రంగుల విషయంలో కంటిని మోసం చేస్తుంది. బూడిద రంగు వేయించు, ఖర్చు నాది. చిన్నప్పుడు షాపులో నా ఒళ్ళో కూర్చుని కలర్ చార్ట్ చూస్తూ రంగుల పేర్లు చెప్పేదానివి, నీకూ ఇంత చెప్పాలా?

ఆదివారం భోజనానికి రా. ఆ పాత ఆల్బమ్ బీరువాలోనే ఉంది, ఫైలూ ఉంది. ఆల్బమ్‌ని కిటికీ వెలుతురులో పెట్టి, ఫైల్ నీ తెర మీద తెరువు. తలంబ్రాలు రెండింట్లోనూ ఒకేలా తెల్లగా కనపడాలి. నీ తెర మీద కాస్త పసుపు కనపడిందా, ఇంకా ఎవరి పెళ్ళీ ఒప్పుకోకు.

మామయ్య