ఫెనువా, ఫనువా, హోనువా: ఇవి మన 'వనం' నుంచి వచ్చాయా?

న్యూజిలాండ్ మూలవాసుల మావోరీ భాషలో ఫెనువా, పసిఫిక్ దీవులైన సమోవా భాషలో ఫనువా, హవాయిలో హోనువా. నేలను పిలిచే ఈ మాటలన్నీ సంస్కృత 'వనం' నుంచి వచ్చాయా అని అడిగారు. కాదండీ. ఇవి ఒకే తల్లి పిల్లలే, కానీ ఆ తల్లి సంస్కృతం కాదు.

నేను న్యూజిలాండ్ నగరం ఆక్లాండ్‌లో ఉంటాను. మా పాప పుట్టిన రోజు మావోరీ మిడ్‌వైఫ్ మాయను (ప్లాసెంటాను) ఒక ట్రేలో పెట్టి చూపిస్తూ, "ఫెనువాను ఇంటికి తీసుకెళ్తారా?" అని అడిగింది. ఆ మాటకు నేల అన్న అర్థమొక్కటే నాకు తెలుసు. మావోరీలో మాయకూ అదే మాటట, దాన్ని సొంత నేలలో పాతిపెడతారట. పక్క మంచం మీది సమోవా బాలింత అందుకుని, "మాకూ అంతే, మేం ఫనువా అంటాం" అంది. టోంగా వాళ్ల 'ఫొనువా'కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి.

అయితే ఒక్క మాట పోలినంత మాత్రాన చుట్టరికం తేలదు. మిగతా మాటలూ అదే వరసలో మారాలి. ఇల్లు సమోవాలో 'ఫలే', హవాయిలో 'హలే'. ఏడు అక్కడ 'ఫితు', ఇక్కడ 'హికు'. మన పల్లె, పులి, పాము కన్నడంలో హళ్లి, హులి, హావు అయినట్టే సమోవా 'ఫ' హవాయిలో 'హ' అవుతోంది. మీకు 'వనం' తట్టడానికి కారణం బహుశా ఫిజీ వాళ్ల 'వనువా' అయ్యుంటుంది. కానీ ఫిజీలో ఇల్లు కూడా 'వలే'నే, అంటే ఆ 'వ' వాళ్ల భాష అలవాటు.

అర్థం చూసినా కుదరదు. వీటన్నిటికీ వెనకున్న పాత రూపం 'బనువా', అంటే జనం కాపురముండే చోటు. వనం అంటే అడవి కదా! ఆ పాత మాటే మలయ్ భాషలో 'బెనువా'గా మిగిలింది, ఇప్పుడు దానికి ఖండం అని అర్థం. 1980లో స్వాతంత్ర్యం వచ్చిన వనువాటు దేశం పేరులోనూ ఇదే ఉంది.

వీటిలో మావోరీ, తహితీ దీవి భాషలు ఎంత దగ్గరివంటే, 1769లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడలో న్యూజిలాండ్ చేరిన తుపాయియా అనే తహితీ ప్రాంతపు పూజారి మావోరీలతో నేరుగా మాట్లాడగలిగాడు. తహితీలో నేల 'ఫెనువా'నే మరి.

మాయను మేం ఇంటికే తెచ్చుకున్నాం. మాది అద్దె ఇల్లు. అందుకే పెద్ద కుండీలో మట్టి నింపి, అడుగున దాన్ని పాతి, పైన నిమ్మ మొక్క నాటాం. ఇల్లు మారినప్పుడు ముందు దాన్నే బండెక్కించాం.