హోమ్‌స్కూలింగ్ చేసే ఇంట్లో వారం నిజంగా ఎలా గడుస్తుంది? మా ఇంట్లో మొన్నటి వారం

మీరు అడిగింది ఇదీ: 10, 6 ఏళ్ల పిల్లలకు వచ్చే నెల నుంచి ఇంట్లోనే చదువు మొదలుపెడుతున్నాం, ఇద్దరం ఉద్యోగస్థులమే, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా గంటగంటకూ టైమ్‌టేబుల్ వేసుకున్నాం, ఇది నిలబడుతుందా అని.

నిలబడదండీ. నేనూ నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీసి ఫ్రిజ్‌కి అంటించాను. 9 రోజులు బతికింది. ఇప్పుడు మాకు ఆరో ఏడు నడుస్తోంది. పెద్దవాడికి 12, అమ్మాయికి 9, బుడ్డోడికి 4. నేను ఇంటి నుంచే లెక్కల పని చేస్తాను, మావారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. మీకు సలహాలు చెప్పేకంటే మొన్నటి వారం చెప్తే ఎక్కువ పనికొస్తుందనుకుంటున్నా. అది మా మామూలు వారాలకంటే కాస్త గట్టి వారమే.

ముందుగా ఒక మాట. మమ్మల్ని పరుగెత్తించేది పాఠాలు కాదు. పెద్దవాడి చదువు రోజుకు 3 గంటలు, అమ్మాయిది 2 గంటలు దాటదు. మొదట్లో ఇది చూసి తప్పు చేస్తున్నామేమో అని భయపడ్డాను. తర్వాత అర్థమైంది. క్లాసులో హాజరు, నోట్సు దిద్దించుకోవడం, పక్కవాళ్లు పూర్తిచేసేదాకా ఆగడం ఇవన్నీ ఉంటాయి, ఎదురుగా కూర్చుని ఒక్కడికి చెప్తే అవేవీ ఉండవు. మిగతా రోజంతా తినేది ఇల్లే. ముగ్గురూ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇల్లు పొద్దస్తమానం చిందరవందరగానే ఉంటుంది. దీని గురించి ముందే ఎవరూ చెప్పరు.

సోమవారం బాగా మొదలైంది. ఆ రోజు పౌర్ణమి. అమ్మాయి చంద్రుడి డైరీ మొదలుపెట్టింది. సూర్యుడు దిగుతుండగానే అటు చంద్రుడు లేచాడు, ఎదురింటి ట్యాంకు పక్కన కనబడిన టైము రాసుకుంది. మంగళవారం సరిగ్గా అదే టైముకి వెళ్లి నిలబడింది. ట్యాంకు ఉంది, చంద్రుడు లేడు. "అమ్మా, ఈరోజు రాలేదు" అని ఫిర్యాదు. నేను చెప్పలేదు, ఇంకాసేపు చూడమన్నాను. దాదాపు ముప్పావు గంటకు వచ్చాడు.

బుధవారం అంతా తారుమారైంది. తెల్లవారుజామున బుడ్డోడికి జ్వరం. మావారు ఊళ్లో లేరు. నాకు నెలాఖరు లెక్కలు, మధ్యాహ్నానికి పంపాల్సినవి. పైగా కుళాయి రిపేరు మనిషి అదే రోజు వచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో జరిగిన చదువు: పెద్దవాడు తమ్ముడి మంచం పక్కన కూర్చుని ఒక కథ పైకి చదివాడు, అది విన్న అమ్మాయి రెండోసారి పుస్తకం చూడకుండా వాడికి సొంత మాటల్లో చెప్పింది. అంతే. విన్నదాన్ని తిరిగి చెప్పించడం మేం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ఇళ్లలో చదువుకునే పిల్లల కోసం పనిచేసిన షార్లెట్ మేసన్ (1842–1923) పద్ధతిలో ఇదే ముఖ్యం: ఒక్కసారే చదవడం, వెంటనే చెప్పించడం. ఎంత అర్థమైందో ప్రశ్నపత్రం లేకుండానే తెలిసిపోతుంది. చెల్లి ఒక పాత్రను పూర్తిగా ఎగరగొట్టేస్తే పెద్దవాడు అక్కడే పట్టుకున్నాడు.

ఇలాంటి బుధవారాలు వస్తూనే ఉంటాయి, అందుకే మాకు ఏ రోజు ఏ పాఠమో చెప్పే పట్టిక లేదు, వరుస మాత్రమే ఉంది. లెక్కలు, చదవడం, రాయడం రోజూ ఉంటాయి. సైన్సు, చరిత్ర, భూగోళం, బొమ్మలు, సంగీతం ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి, పక్కన ఒక బట్టల క్లిప్పు. ఈరోజు ఎక్కడ ఆగితే క్లిప్పు అక్కడ, రేపు ఆ తర్వాతది. చివరికి వస్తే మళ్లీ మొదటికి. పాత టైమ్‌టేబుల్‌లో సైన్సు గురువారం ఉండేది. ఈత క్లాసు కూడా గురువారానికి మారింది. తడి తలలతో వచ్చి ఆకలి అని కూర్చునేవాళ్లు. అలా రెండు నెలలు మా ఇంట్లో సైన్సే జరగలేదు, నేను గమనించనే లేదు! వరుసలో అయితే రోజు పోయినా పాఠం పోదు, ఒకరోజు వెనక్కి జరుగుతుంది.

ఎక్కాలకి మాత్రం అమ్మాయి దగ్గర అట్టపెట్టె ఉంది. 1970ల్లో జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కార్డులు, కొన్ని అరలు. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరకి వెళ్తుంది, తప్పితే మొదటి అరకి వచ్చేస్తుంది. మొదటి అర రోజూ చూడాలి, వెనకవి అంతకంతకూ అరుదుగా. రోజుకు పది నిమిషాలు, నేను పక్కన అక్కర్లేదు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు ఇది బాగా పనికొస్తుంది. ఏడు ఎనిమిదుల కార్డు నెలరోజులుగా మొదటి అరలోనే కాపురం పెట్టింది, అది వేరే సంగతి.

గురువారం జ్వరం తగ్గింది. మబ్బు, చంద్రుడు లేడు. ఈత నుంచి వస్తూ పెద్దవాడు అన్నాడు: "నాకు స్కూలుకి వెళ్లాలనుంది." ఈత క్లాసులో స్నేహితులంతా స్కూల్లో జరగబోయే ఆటల పోటీల గురించి మాట్లాడుకుంటున్నారట, వీడికి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు చురుక్కుమంది. వాడు అడగని వాటికన్నిటికీ పది నిమిషాలు సమాధానం చెప్పాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మీకూ ఈ రోజు వస్తుంది. వచ్చినప్పుడు నాలాగా చేయకండి, ముందు "ఏం చూస్తే అనిపించింది?" అని అడగండి.

శుక్రవారం చంద్రుడు అమ్మాయి నిద్ర టైము దాటాక గానీ లేవడు. పెద్ద గొడవ. ఆ గొడవలోంచే లెక్క పుట్టింది. పెద్దవాడు కాగితం తీసుకున్నాడు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి దాదాపు 29.5 రోజులు, 360 డిగ్రీలను దానితో భాగిస్తే రోజుకు 12 పైచిలుకు. అంటే చంద్రుడు ప్రతిరోజూ అంత తూర్పుకి జరిగిపోతున్నాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, కాబట్టి 12 డిగ్రీలు అందుకోవడానికి ఇంకో 50 నిమిషాలు దగ్గర దగ్గర. చెల్లి డైరీ తీసి చూస్తే ఒకరోజు 44, ఇంకోరోజు 57. "నీ లెక్క తప్పు" అంది. 50 అనేది సగటు అనీ, రోజురోజుకీ మారుతుందనీ, ట్యాంకు వెనక నుంచి చూస్తే ఇంకా తేడా వస్తుందనీ తేలేసరికి రాత్రి తొమ్మిదిన్నర. దశాంశాల భాగహారం అంటే రెండు వారాలుగా మొహం తిప్పుకుంటున్నవాడు అడక్కుండానే మూడుసార్లు చేశాడు.

శనివారం పొద్దున మావారు వచ్చారు. ఎండలో పడమటి వైపు తెల్లగా వెలిసిపోయిన చంద్రుణ్ని అమ్మాయికి చూపించారు. రాత్రి లేటుగా వచ్చినవాడు పొద్దున లేటుగా పోతాడని దానికి దానంతటదే తట్టింది. మిగతా శనివారం బట్టలు, గిన్నెలు, నిద్ర.

ఆదివారం అరగంట కూర్చుని వారం రికార్డు రాస్తాను. ఏం చదివారు, ఏం చేశారు, ఒక ఫొటో, ఒక మంచి పేజీ, ఒక చెత్త పేజీ, తేదీతో సహా. మీరు ఎక్కడుంటారో రాయలేదు. ముందు మీ దగ్గరి నిబంధనలు చూసుకోండి. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లడమే తప్పనిసరి, అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే కానీ ఏమేం చూపించాలన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. రికార్డు ఎవరూ అడక్కపోయినా రాయండి. గురువారం రాత్రి నాకు నిద్ర పట్టకపోతే పాత రికార్డు పుస్తకాలు తీసి చూసింది నేనే.

పెద్దవాడి మాట ఇంకా తేలలేదు. ఈ ఏడాది చివర వాడితో కలిసి రెండు స్కూళ్లు చూసొద్దామనుకున్నాం. వెళ్తానంటే వెళ్తాడు.

మీ పట్టిక విషయానికొస్తే, మధ్యాహ్నం భాగం మొత్తం కొట్టేయండి. 6 ఏళ్ల పాపకి కూర్చోబెట్టే చదువు గంట చాలు, అదీ 15 నిమిషాల ముక్కలుగా. ఇద్దరిలో ఎవరి ఆఫీసు పని ఏ వేళల్లో కాస్త తేలికగా ఉంటుందో ఇక్కడ రాయండి, పొద్దున పూట ఎవరు కూర్చోవాలో చూద్దాం.