డెడమ్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు నిజంగా 1630ల నాటిదేనా?

అవును, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం డెడమ్ పట్టణంలో ఉన్న ఈ ఇంటి మధ్యభాగం 1637–1641 నడుమ కట్టినదే. ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన జోనథన్ ఫెయిర్‌బ్యాంక్స్ కుటుంబం కోసం దాన్ని కట్టారు.

వయసు తేల్చింది దూలాలే. చెట్టుకు ఏటా ఒక వలయం ఏర్పడుతుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. దూలంలోంచి పెన్సిలంత ముక్క తొలిచి తీసి, ఆ వరుసను అదే ప్రాంతంలో ఏళ్లు తెలిసిన వలయాల వరుసతో పోల్చి చూస్తారు. బెరడు కిందనే ఉన్న ఆఖరి వలయం చెట్టు నరికిన ఏడాదిని చెబుతుంది. బెరడుతోపాటు పైపొరలు కూడా చెక్కేసి ఉంటే మాత్రం "ఫలానా ఏడాది తర్వాత" అనడం తప్ప మరేం చెప్పలేం. ఇక్కడి ఓక్ దూలం ఒకటి 1637లో నరికిన చెట్టుది. ఓక్ ఎండితే ఉలికి లొంగదు, అందుకే ఆ రోజుల్లో పచ్చిగా ఉండగానే వాడేసేవారు; కాబట్టి నరకడానికీ కట్టడానికీ మధ్య ఏళ్లు పెద్దగా గడవవు.

చాలామంది ఇల్లంతా అప్పటిదే అనుకుంటారు. పక్కల ఉన్న గదులు తర్వాతి తరాలవారు చేర్చినవి. ఆ కుటుంబం ఎనిమిది తరాలు అక్కడే ఉంది. దుంగలు పేర్చిన గుడిసె అనుకోవడమూ పొరపాటే. ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి, ఇంకోదానికి తొలిచిన బెజ్జంలో దూర్చి, చెక్క చీలలు దిగ్గొట్టిన చట్రం ఇది.