డెబ్బై దాటాక సెయిల్ బోటు: తీగలు మార్చాలా, బోటే మార్చాలా?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు, మా ఆవిడకి 68. మాకు 12 మీటర్ల సెయిల్ బోటు ఉంది. ఫైబర్‌గ్లాస్‌ది, 26 ఏళ్ల పాతది. ఏడాదిలో ఆరు నెలలు దాని మీదే తిరుగుతాం, మిగతా ఆరు నెలలు సొంత ఇంట్లో ఉంటాం. ఈసారి ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి సర్వే, అంటే నిపుణుడితో బోటు తనిఖీ, అడిగారు. స్టాండింగ్ రిగ్గింగ్, అంటే తెరచాప కొయ్యను నిలబెట్టే తీగలు, మొత్తం మార్చాలని సర్వేయర్ రాశాడు. ఆ ఖర్చు బోటు ఇవాళ్టి ధరలో ఐదో వంతు! నాకు మోకాళ్ల నొప్పులు మొదలైనా ఇంకో అయిదేళ్లు తిరగాలనే ఉంది. మా ఆవిడేమో దీన్ని అమ్మేసి చిన్న బోటు తీసుకుందామంటోంది. ఇల్లు అమ్మేసి పూర్తిగా బోటు మీదే ఉండిపోతే ఎలా ఉంటుందని కూడా నాకు అనిపిస్తోంది. డబ్బు పరంగా ఏది మేలు?

జవాబు: ఇంటి సంగతి ముందే తేల్చేద్దాం. అమ్మకండి. బోటు ఏటేటా విలువ పోగొట్టుకునే వస్తువు. ఇంటిని దానిలో కలిపేస్తే మీ నివాసమూ, ఆస్తీ రెండూ ఒకే బోటు మీద తేలుతుంటాయి. రేపు మోకాలి ఆపరేషన్ అంటే కోలుకోవడానికి నిటారు నిచ్చెన దిగాల్సిన క్యాబిన్ పనికిరాదు. ఆ వయసులో మళ్లీ ఇల్లు కొనడమంటే అప్పటి ధరలకు, అప్పటి మీ ఓపికకు కొనడం. ఇల్లు అలాగే ఉంటే బోటు విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా వెనక్కి రావడానికి ఒక చోటుంటుంది.

ఇప్పుడు తీగల విషయం. సర్వేయర్ మిమ్మల్ని భయపెట్టలేదు. తెరచాప కొయ్యను (మాస్ట్) నిలబెట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు 10 నుంచి 15 ఏళ్లకు మార్చడం మామూలే. పైకి నిగనిగలాడుతున్నా చివరల్లో, తీగలను బోటుకు బిగించే, డెక్ లోంచి దిగే లోహపు పట్టీల (చెయిన్‌ప్లేట్ల) దగ్గర లోపల్లోపలే తుప్పు పడుతుంది. ఒక్క తీగ తెగితే కొయ్య మొత్తం కూలొచ్చు. అందుకే పాత తీగలున్న బోటుకు కొయ్య విరిగితే పరిహారం ఇవ్వబోమని కొన్ని కంపెనీలు షరతు పెడతాయి. కాబట్టి ఈ బోటు మీద సముద్రంలోకి వెళ్లేటట్టయితే తీగలు మార్చాల్సిందే, దాని మీద బేరం లేదు. తేల్చుకోవాల్సింది ఆ ఖర్చు ఎన్నేళ్ల మీద పంచుతారన్నదే.

చిన్న లెక్క వేద్దాం. బోటును ఉన్నదున్నట్టు ఇవాళ అమ్మితే చేతికొచ్చే మొత్తాన్ని 100 అనుకోండి. తీగలకు 20. రేవు అద్దె, ఇన్సూరెన్స్, ఒడ్డుకెక్కించి అడుగున రంగు వేయించడం, చిల్లర రిపేర్లు కలిపి ఏటా 12. ఆ 100 బ్యాంకులో ఉంటే ఏటా 4 వడ్డీ వచ్చేది, అదీ పోయినట్టే. అయిదేళ్ల తర్వాత అమ్మితే 55 చేతికొస్తుందనుకుందాం. మొత్తం ఖర్చు: 20, 60, 20, అమ్మకంలో పోయిన 45. వెరసి 145, అంటే ఏడాదికి 29. అదే తీగలు మార్చాక రెండేళ్లకే ఆగిపోయి 80కి అమ్మాల్సి వచ్చిందనుకోండి. 20, 24, 8, 20 కలిపి 72. ఏడాదికి 36. మీ అంకెలు వేరుగా ఉంటాయి, వాటితో మీరే మళ్లీ వేసుకోండి. కానీ తేడా మాత్రం ఇలాగే కనబడుతుంది. కొత్త తీగలకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. వాటిని వాడుకుంటేనే గిట్టుబాటు.

బోటు విలువలో 10 శాతం ఏటా ఖర్చవుతుందనే మాట రేవుల్లో వింటూనే ఉంటారు. పాత బోటుకు దాన్ని నమ్మకండి. బోటు ధర సగానికి పడిపోయిందని తెరచాప కుట్టేవాడు కూలి సగం తీసుకోడు. రేవు వాళ్లు అద్దె వేసేది బోటు పొడవు చూసి, దాని వయసు చూసి కాదు. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడలేం కదా.

పైగా ఈ ఖర్చులు ఏటా సమంగా రావు. అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో చెప్పిన 4 శాతం సూత్రం మీరు వినే ఉంటారు: పొదుపులో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు సరిపోతుందని అమెరికా మార్కెట్ చరిత్ర చూసి ఆయన వేసిన లెక్క. అది నెలవారీ ఇంటి ఖర్చులాంటి వాటికి బాగానే ఉంటుంది. బోటు ఖర్చు అలా కాదు. మూడేళ్లు నిశ్శబ్దంగా ఉండి నాలుగో ఏడు తెరచాపలు, బ్యాటరీలు కలిసి మీద పడతాయి. మీ ఇంజిన్‌కి సెయిల్‌డ్రైవ్ (బోటు అడుగులోంచి నేరుగా నీళ్లలోకి దిగే ప్రొపెల్లర్ కాలు) ఉంటే, నీళ్లు లోపలికి రాకుండా అక్కడ ఉండే రబ్బరు డయాఫ్రమ్‌ను ఏడేళ్లకోసారి మార్చమని కొందరు తయారీదారులు చెబుతారు. చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లులు తీసి చూడండి. ఆ ఖర్చు వచ్చిన ఏడే మార్కెట్ పడిపోయి ఉంటే, నష్టానికి ఫండ్లు అమ్ముకోవాల్సి వస్తుంది. ఏ బోటు ఉంచుకున్నా సరే, ఏడాదిన్నర బోటు ఖర్చు విడిగా ఒక ఖాతాలో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. ఇంటి ఖర్చుల డబ్బుతో దాన్ని కలపొద్దు.

ఇక మీ శ్రీమతి గారి మాట. నా మొగ్గు ఆమె వైపే. 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు దిగితే పొడవు పావు వంతే తగ్గుతుంది. కానీ అదే ఆకారంలో ఉన్న బోటుకు బరువు సగానికంటే తక్కువవుతుంది, తెరచాప విస్తీర్ణం దాదాపు సగమవుతుంది. తాడు లాగే చేతికీ, లంగరు ఎత్తే నడుముకీ, బిల్లు కట్టే జేబుకీ ఆ తేడా తెలుస్తుంది. వయసైపోయిందని నేను అనడం లేదు. జపాన్‌కి చెందిన కెనిచి హోరియే 2022లో 83 ఏళ్ల వయసులో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి జపాన్ దాకా ఎక్కడా ఆగకుండా ఒంటరిగా పసిఫిక్ దాటాడు. ఆయన బోటు పొడవు ఆరు మీటర్లు కూడా లేదు! మిమ్మల్ని పసిఫిక్ దాటమనడం లేదులెండి.

చిన్న బోటుకు ఇబ్బందులూ ఉన్నాయి. అల వచ్చినప్పుడు ఎక్కువ ఊగుతుంది, మంచినీళ్ల ట్యాంకు చిన్నది, లోపల నిలబడితే తల తగలొచ్చు. మార్చుకునేటప్పుడు ఖర్చు కూడా రెండు వైపులా ఉంటుంది. అమ్మేటప్పుడు బ్రోకర్ కమిషన్ చాలాచోట్ల 10 శాతం దాకా ఉంటుంది, కొనేటప్పుడు మళ్లీ సర్వే, రిజిస్ట్రేషన్. అందుకని ఒక్కసారే మారండి, చేతిలో ఓపిక ఉండగానే మారండి. తీగలు మార్చకుండా, సర్వే రిపోర్టు దాచకుండా చూపించి, ధర ఆ మేరకు తగ్గించి అమ్మేయండి. ఇప్పుడైతే కొనేవాళ్లొస్తే మీరే తెరచాప ఎత్తి తిప్పి చూపించగలరు. రెండేళ్లు రేవులో నాచు పట్టిన బోటు అయితే అడిగినంతకు ఇచ్చేయాల్సిందే, రేవు అద్దె మాత్రం అప్పటిదాకా నడుస్తూనే ఉంటుంది. నేను చూసినంతలో వృద్ధ దంపతుల డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే: నడపలేరు, అమ్మడానికి మనసొప్పదు.

అందుకే అమ్మే ముహూర్తానికి తేదీ కాదు, షరతు పెట్టుకోండి. మీకు ఉన్నట్టుండి గుండె నొప్పి వచ్చిందనుకుందాం. మీ శ్రీమతి గారు ఒక్కరే తెరచాప దించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో సహాయం అడిగి, లంగరు వేయగలరా? ఈ వారమే మీరు చేతులు కట్టుకుని కూర్చుని ఆమెతో చేయించి చూడండి. 12 మీటర్ల బోటు మీద ఆమె చేయలేకపోతే దాన్ని ఉంచుకోవడం నాకు సమ్మతం కాదు. రేపు చిన్న బోటు మీద కూడా చేయలేని రోజు వస్తే అదే ఆఖరి సీజన్. ఇది భద్రతతో పాటు డబ్బు విషయం కూడా. మీరు ఆసుపత్రిలో ఉండగా ఎక్కడో ఆగిపోయిన బోటును కూలికి స్కిప్పర్‌ని (బోటు నడిపేవాణ్ని) పెట్టి తెప్పించాలంటే చిన్న మొత్తం కాదు.

పాలసీల విషయంలో రెండు చోట్ల కళ్లు తెరిచి చదవండి. ఒకటి బోటు పాలసీ: ప్రమాదం జరిగితే ముందే ఒప్పుకున్న ధర ఇస్తారా, అప్పటి మార్కెట్ ధరా? మునిగితే శిథిలాన్ని తీయించే ఖర్చు అందులో ఉందా? సొంత బోటుకు కవర్ మానేసి థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవడం కొందరు చేస్తారు. బోటు విలువ మీ మొత్తం ఆస్తిలో ఇరవయ్యో వంతు లోపైతే ఆలోచించొచ్చు, అంతకు మించితే వద్దు. రెండోది ఆరోగ్య పాలసీ. 70, 75 దాటాక ప్రయాణ పాలసీల్లో కోతలు పెరుగుతాయి. మోకాళ్ల సంగతి దాచకండి, క్లెయిమ్ సమయంలో అదే బయటపెడతారు. తీరానికి ఎంత దూరం దాకా వర్తిస్తుందో, ఒడ్డుకు తరలించే ఖర్చు ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. మీలో ఎవరైనా రక్తం పలుచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌తో మాట్లాడండి. బూమ్ (తెరచాప అడుగున ఊగే అడ్డ దూలం) తలకు తగిలితే మిగతావాళ్లకు బొప్పి కడుతుందేమో గానీ, ఆ మందులు వాడేవాళ్లకు లోపల రక్తస్రావం అయ్యే ముప్పు ఎక్కువ.

చివరగా, కొత్త బోటు ఇద్దరి పేరునా రాయించండి. ఇప్పటిది మీ ఒక్కరి పేరునే ఉంటే, అమ్మకం పూర్తయ్యేదాకా మీ శ్రీమతి గారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. అది మనిషి బతికున్నంత వరకే చెల్లుతుంది కాబట్టి విల్లులోనూ బోటు ప్రస్తావన ఉండాలి. రిజిస్ట్రేషన్ పత్రాలు, పాలసీ, రేవు ఒప్పందం, ఇంజిన్ బిల్లులు అన్నిటి నకళ్లూ ఇంట్లో ఒక ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో పిల్లలకో, నమ్మకస్తులకో చెప్పండి. అసలు పత్రాలు ఒక్క బోటులోనే ఉంటే, అవసరమైన రోజున వాటి కోసం మళ్లీ బోటు దాకా వెళ్లాల్సి వస్తుంది.