ద్రాక్షగుత్తి లేని సినిమా

ప్రశ్న: ‘ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’ సినిమా (2002) కాలేజీ రోజుల్లో చూసి ఎంతో ఇష్టపడ్డాను. అలెగ్జాండర్ డ్యూమా రాసిన నవలను ఈమధ్యే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తెచ్చుకుని పూర్తి చేశాను. సినిమాలో కథానాయకుడు ఎడ్మండ్‌కు ప్రియురాలు మెర్సిడెస్ దక్కుతుంది, ఆమె కొడుకు ఆల్బర్ట్ తన కొడుకేనని తెలుస్తుంది. నవలలో ఆమె దక్కదు, ఆల్బర్ట్ శత్రువు కొడుకే. అంత లావు పుస్తకం చదివాక నాకు అసంతృప్తే మిగిలింది. సినిమావారు కథను బాగుచేశారనుకోవడం తప్పా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: తప్పేమీ కాదు. 117 అధ్యాయాల నవలను రెండు గంటల పది నిమిషాల్లోకి కుదించేటప్పుడు కోత తప్పదు. పైగా కత్తియుద్ధాల చిత్రంగా కెవిన్ రేనాల్డ్స్ సినిమా ఇప్పటికీ విసుగు పుట్టించదు. నా అభ్యంతరం కోసివేసిన వాటి మీద కాదు, ఆల్బర్ట్‌ను ఎడ్మండ్ కొడుకుగా మార్చిన ఆ ఒక్క అతుకు మీద.

మీరు 71వ అధ్యాయాన్ని మరోసారి తెరవండి. ఎడ్మండ్‌ను కుట్రతో జైలుపాలు చేసి మెర్సిడెస్‌ను పెళ్లాడిన ఫెర్నాండ్ ఇంట విందు జరుగుతున్న రాత్రి, పేరు మార్చుకుని కౌంట్‌గా, అతిథిగా వచ్చిన ఎడ్మండ్‌ను మెర్సిడెస్ తోటలోని గాజు గదికి తీసుకువెళ్లి, స్వయంగా ఒక ద్రాక్షగుత్తి కోసి ఇస్తుంది. తాను ద్రాక్ష తిననని ఆయన అంటాడు. గుత్తి ఆమె చేతిలోంచి జారిపోతుంది. పీచ్ పండు కోసి ఇస్తే దాన్నీ వద్దంటాడు. అప్పుడామె, ఒకే కప్పు కింద రొట్టె, ఉప్పు పంచుకున్నవారు కలకాలం మిత్రులుగా ఉండిపోయే అరబ్బుల ఆచారాన్ని గుర్తుచేస్తుంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం తలపెట్టరాదన్న మాట వింటూ పెరిగిన మనకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయన ఎవరో ఆమెకు తెలుసు, తెలిసినట్టు బయటపడదు. ఒక్క పండు తిన్నా తన వాళ్లు గట్టెక్కుతారన్న ఆశతో అడుగుతుంది, ఆయన అందుకే తినడు.

ఆల్బర్ట్‌తో ఎడ్మండ్ ద్వంద్వయుద్ధానికి ముందు రాత్రి ఆమె మళ్లీ వచ్చి, ఈసారి పాత పేరుతోనే పిలిచి, కొడుకు ప్రాణం అడుగుతుంది. ఆ కుర్రవాడు ఫెర్నాండ్ రక్తం. అతణ్ని విడిచిపెట్టడమంటే, 14 ఏళ్ల చెరలో పుట్టి పెరిగిన పగనే కాక, తెల్లవారితే తన ప్రాణాన్నీ వదులుకోవడమేనని తెలిసి కూడా ఎడ్మండ్ మాట ఇస్తాడు. సినిమాలో ఈ బరువంతా ఎగిరిపోయింది. కన్నకొడుకు మీద కత్తి ఎత్తకుండా ఆగడానికి ఏ తండ్రికీ పెద్ద మనసు అక్కర్లేదు కదా!

ఫెర్నాండ్ అంతాన్నీ పోల్చి చూడండి. సినిమాలో కత్తి దూసి పోరాడి చస్తాడు, మనం చప్పట్లు కొడతాం. నవలలో కత్తి ఒరలోంచి రానే రాదు. నువ్వెవరని గద్దిస్తున్న అతని ముందు నుంచి కౌంట్ పక్కగదిలోకి వెళ్లి, దర్జా దుస్తులు విప్పేసి, నావికుడి చొక్కా, టోపీ పెట్టుకుని తిరిగి వస్తాడు. అంతే. ఫెర్నాండ్ వణికిపోయి ఇంటికి పరుగెత్తి, భార్యా కొడుకూ ఇల్లు విడిచి వెళ్లిపోవడం కళ్లారా చూసి, తుపాకీతో కాల్చుకుంటాడు. డాల్ఫిన్స్ నోస్ పక్కగా ఓడలు రేవులోకి రావడం రోజూ చూసే మీ ఊరివారికి ఆ నావికుడి చొక్కా విలువ నేను చెప్పాలా? 1815 ఫిబ్రవరి 24న మార్సెయి రేవులోకి వస్తున్న ఓడ మీద, రేవుకు దారి చూపే పైలట్ పక్కన నిలబడిన 19 ఏళ్ల కుర్రవాడితోనే కదా నవల మొదలైంది.

ఇక ఎడ్వర్డ్. ఎడ్మండ్‌ను జైలుకు పంపిన న్యాయాధికారి విల్‌ఫోర్ట్ చిన్న కొడుకైన ఈ పసివాడు సినిమాలో లేడు. ఎడ్మండ్ పన్నిన వలలో చిక్కిన ఇంట్లో తల్లే విషం పెట్టి వాణ్ని చంపి, తానూ చనిపోతుంది. ఆ శవాన్ని చూశాకే, దేవుడు తన పక్షాన ఉన్నాడని అనుకునే ధైర్యం ఎడ్మండ్‌కు పోతుంది. తన పగ న్యాయమేనా అని తేల్చుకోవడానికి పాత చెరసాలకే తిరిగి వెళ్లి చూసుకుంటాడు. అసలు కుట్రకు మూలమైన డాంగ్లార్‌ను ఆకలితో మాడ్చి కూడా చివరికి క్షమిస్తాడు. మీకు మిగిలిన అసంతృప్తి ఎడ్మండ్‌కూ మిగిలిందే. దాన్ని నవల లోపమని నేను అనుకోవడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఈ నవల సంక్షిప్త ప్రతి కొనిపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కొనవచ్చు. అయితే కొనే ముందు దుకాణంలోనే రెండు చోట్ల చూడండి: ద్రాక్షగుత్తి ఉందా, ఎడ్వర్డ్ ఉన్నాడా. రెండూ లేకపోతే ఆ డబ్బుతో అబ్బాయికి సినిమాయే చూపించండి.